వియ్యపురాలికి ఇచ్చిన పెద్ద గది

పోయిన చలికాలం మా వియ్యపురాలు మొదటిసారి మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి అత్తగారిది హిమాచల్‌లో మంచు పడే ఊరు. ఆడపిల్లనిచ్చినవాళ్ళం, మర్యాదలో వంక పెట్టించుకోకూడదని నా పట్టుదల.

లాల్‌దర్వాజాలో మాది తాతల నాటి ఇల్లు. మూరెడు మందం సున్నపు గోడలు, ఎత్తయిన కప్పు, దాని కిందనే గాలాడడానికి తలుపుల్లేని చిన్న కిటికీలు, కింద షాబాదు బండలు. ఎండాకాలంలో వచ్చినవాళ్ళకు లేచి వెళ్ళబుద్ధి కాదు. ఆ గొప్ప మా ఆయన అందరికీ చెబుతాడు, ఆమెకూ చెప్పాడు. అన్నిటికంటే పెద్ద గది ఆమెకే ఇచ్చాం. వాళ్ళ ఊళ్ళో చలికాలమంతా ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పొయ్యి చుట్టూ పడుకుంటారని అమ్మాయి చెప్పినప్పుడు నేను జాలిపడ్డాను. పాపం, ఇక్కడైనా ఒక్కతే హాయిగా కాళ్ళు చాపుకుంటుందనుకున్నాను. బజారు నుంచి కొత్త పూల దుప్పటి తెప్పించాను.

"ఇంకోటి ఇద్దామా?" అంటే మా ఆయన నవ్వాడు.

"మంచుల పుట్టి పెరిగినామెకు మన చలి ఏంది? ఉక్కపోస్తదేమో సూడు. ఫ్యాన్ ఎట్లెయ్యాల్నో చెప్పినవా?"

చెప్పాను కూడా. ఆ తెలివి తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున వంటింటి గడప దగ్గరే ఆగిపోయాను. ఆమె గ్యాస్ పొయ్యి ముందు నిలబడి చేతులు కాచుకుంటోంది. స్వెటరు మీద స్వెటరు, పైన శాలువా, ఆ పైన మా పూల దుప్పటి. ఫోన్‌లో కొడుకుతో మాట్లాడుతోంది.

"నహీ బేటా, యహా ఠండ్ హై హీ నహీ."

ఇక్కడ చలే లేదట, రాత్రుళ్ళు బాగా నిద్రపడుతోందట. చెబుతుంటే గొంతు వణుకుతోంది.

నాకు సిగ్గేసింది. నా ఇంట్లో చలికి వణుకుతూ నా పరువు ఆమె కాపాడుతోంది. వాళ్ళ ఇల్లు చలి కోసం కట్టింది, మా ఇల్లు ఎండ కోసం కట్టింది. ఆ సంగతి మాకు తెలియక కాదు. మేమిద్దరం వంటింటి పక్కన ఇరుకు గదిలో బొంతలు కప్పుకుని వెచ్చగానే పడుకుంటున్నాం. నా పాత చీరలతో కుట్టినవి, అతుకు మీద అతుకు. ఆమె కంటపడితే నామోషీ అని తెల్లారగానే మంచం కిందికి తోసేస్తున్నాను.

బొంత ఒకటి తెచ్చి, పీట వేసి కూర్చోబెట్టి, ఆమె భుజాల మీద కప్పాను. అతుకులు చూసి ఏమనుకుంటుందోనని అప్పుడు కూడా అనుకున్నాను, బుద్ధి లేక. ఆమె వాటిని చూడనే లేదు. గడ్డం దాకా లాక్కుని, "బస్, బహన్‌జీ" అని, ఇక ఇది చాలన్నట్టు గోడకు తల ఆనించింది.

ఛాయ్ గ్లాసులో పోసి తిరిగేసరికి నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. మా ఇంటికి వచ్చాక ఆమె కంటినిండా నిద్రపోవడం అదే మొదటిసారి.