ఎదురు నడిచిన రోలు

మంగళవారం ఉదయం 5.50కి కర్నూలు బస్టాండులో నంద్యాల బస్సెక్కాను. సంచిలో కొలత టేపు, కిందటేటి డైరీ, ఒక తువ్వాలు. పని చిన్నదే. నా మీసం ఉంటుందో ఊడుతుందో తేల్చుకోవాలి.

మా అక్కగారిల్లు ఎర్రగుంట్ల దగ్గర పెన్న ఒడ్డున. మిక్సీ వచ్చాక పెరట్లో అడ్డమని కిందటి వేసవిలో అక్క రోలును మా బావ ఏటి ఇసుకలోకి దొర్లించేశాడు.

"నీళ్ళొస్తే కిందికి కొట్టుకపోతాదిలే," అన్నాడు బావ.

"పోదు బావా, ఎదురు నడుస్తాది," అన్నాను.

తుంగభద్ర నీటిమట్టం రాసుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి, ఊరికే అనలేదు. కారణం మాత్రం చెప్పలేదు, చెబితే పందెం ఉండదు. ఓడినవాడు మీసం తీయించుకోవాలి. వంతెన మూడో స్తంభం నుంచి ఎగువకు ఇరవై రెండు అడుగుల దూరంలో రోలు ఉందని డైరీలో రాసుకున్నాను. ఏటిలో నీళ్ళు తగ్గాయని మొన్న బావ ఫోను చేశాడు.

7.45కి నంద్యాలలో ఇడ్లీ, 8.30కి ఎర్రగుంట్ల రైలు. వెళ్ళేవారు కుడివైపు కూర్చోవాలి, పొద్దుటి ఎండ ఎడమవైపు కొడుతుంది. ఎదుటి సీట్లో మిరపకాయల మూటతో ఒకావిడ.

"యాడికి పోతాండావు పెద్దాయనా?"

"మీసం పందెం తేల్చుకోడానికి తల్లీ."

ఆమె నా మీసాన్ని కాసేపు చూసింది. "పోయినా పెద్ద నష్టం ల్యాదులే," అని మూటమీద తల వాల్చింది.

11 గంటలకు ఎర్రగుంట్లలో దిగి ఆటోలో ఊరు చేరేసరికి, వాకిట్లో కుర్చీ వేసి ఉంది. పక్కనే మంగలి మస్తాను, కత్తి నూరుతూ.

"రాప్పా సుబ్బరాయుడూ!" అన్నాడు బావ. "నిన్ననే చూసొచ్చినా. రోలు ఉన్నచోట ల్యాదు. కిందికి పోయింది."

నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

అక్క, బావ, మస్తాను, నేను పారతో ఏటికి నడిచాం. టేపు పట్టాను. ఇరవై రెండు అడుగుల దగ్గర ఉత్త ఇసుక. బావ దిగువకు వెతకబోయాడు. నేను పార తీసుకుని ఎగువకు తవ్వుకుంటూ పోయాను. ఇరవై ఆరో అడుగు దగ్గర పార ఖంగుమంది.

"నా రోలే!" అని అక్క అరిచింది. అది ఎగువ వైపు మూతి పెట్టి వంగి, ఇసుకలో కూరుకుపోయి ఉంది.

"దొంగతనంగా వచ్చి జరిపినావు!" అన్నాడు బావ.

"అంత బరువు జరిపింటే నా నడుము కూడా ఈడే దొరుకుతాండె."

పక్కనే సన్నటి పాయ పారుతోంది. అందులో గుప్పెడంత రాయి పెట్టి చూడమన్నాను. నీరు రాయి ముఖానికి కొట్టుకుని కిందికి దిగి, దాని పాదం దగ్గర సుడి తిరుగుతోంది. అక్కడి ఇసుక కాసేపు కదలదు, ఉన్నట్టుండి గుప్పున లేస్తుంది. మళ్ళీ ఊరుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. అలా రాయి ముందు గుంట పడింది. రాయి తల ఊపి, నీటికి ఎదురుగా అందులోకి ఒరిగింది.

"ఒకే తీరుగా తోస్తే ఇసుక తట్టుకుంటాది బావా. సుడి తిరిగి ఒక్క విసురు విసిరితేనే లేస్తాది."

"ఒక్క విసురా?" అని అక్క రెండుసార్లు అడిగింది.

1.15కి భోజనం: సంగటి, చెనిక్కాయల చట్నీ. బావకు హఠాత్తుగా వారం గుర్తొచ్చింది. "మంగళవారం మీసం తీయకూడదప్పా."

"మరి నన్నెందుకు పిలిచినావు సామీ?" అన్నాడు మస్తాను.

"అది వాని మీసానికి. నాది ఇంటి పెద్ద మీసం."

"రోలు పెరట్లోకి తెచ్చి, మీసం తీపిచ్చుకో," అని అక్క మెల్లగా చెప్పింది. మజ్జిగ పోస్తూ ఒకసారి, ఆకు తీస్తూ మరోసారి, వక్కపొడి ఇస్తూ ఇంకోసారి. బావ వక్కపొడి నములుతూ కూర్చున్నాడు. నేను మీసంతో, బావ మీసంతో, 3 గంటలకు విడిపోయాం.

4.10కి తిరుగు రైలు. ఇంతదూరం వచ్చి గెలిచి వట్టి చేతులతో పోతున్నానని కొంచెం చిన్నబుచ్చుకున్నాను. కోవెలకుంట్ల దాటాక ఫోను మోగింది. అక్క.

"సుబ్బరాయుడూ, రోలు పెరట్లో ఉండాది. మీ బావ మీసం మస్తాను తువ్వాల్లో ఉండాది."

"ఎట్లక్కా?"

"మూడుసార్లు మెల్లగా చెప్పినా. నాలుగోసారి నువ్వు ఏట్లో చూపిచ్చినట్టు ఒక్క విసురు విసిరినా."

వెనకనుంచి బావ గొంతు: "డైరీలో రాయొద్దని చెప్పు వానికి!"

అప్పటికే రాసేశాను. 'సాయంత్రం 5.20. రోలు ఇల్లు చేరింది. మొత్తం నడక, ఎదురే.'