కొత్తదాన్ని పాతదన్న యాప్

ఆ రోజుల్లో తెనాలిలో మొబైల్ యాప్‌లు రాస్తానంటే "సెల్ రిపేరా బాబూ?" అనేవాళ్లు. (మా అమ్మైతే చివరిదాకా అదే అనుకుంది.) మాస్టారి ఆఫీసులో ఉన్న ఒక్క ఉద్యోగీ నేనే. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మనిషి, నన్ను నమ్ముకుని ట్యూషన్లు మానేసి మరీ ఆఫీసు తెరిచారు. రేపల్లెలో పురుగుమందుల షాపు పెద్దాయన రైతుల కోసం మా యాప్ తీసుకుంటే ఆఫీసు నిలబడుతుంది, లేకపోతే నెలాఖరుకి తాళమే.

యాప్ తెరవగానే, ఫోనుని నడిపే సిస్టం ఎన్నో నంబరుదో అది చూసుకోవాలి; మరీ పాతదైతే మా యాప్ నడవదు. మాకున్నది ఒకే ఫోను, అందులో ఉన్నది రెండో నంబరు. అందుకని నేను "రెండైతే నడువు, కాకపోతే పాతదని చెప్పు" అని రాసి పారేశాను. రెండు తర్వాత మూడొస్తుందని నా బుర్రకి తట్టలేదు. పైగా ప్రయాణానికి ముందురోజు, శుభమా అని వెళ్తూ పాత సిస్టంతో ఏం వెళ్తాంలే అని, ఫోనుకి మూడో నంబరు ఎక్కించి, శుభ్రంగా తుడిచి, కొత్త బండికి పెట్టినట్టు వెనక కుంకుమ బొట్టు పెట్టాను. బొట్టు పెట్టాక మళ్లీ కెలకడం ఎందుకని యాప్ తెరిచి చూడలేదు. అంత భక్తి నాకు!

రేపల్లెలో పెద్దాయన కాఫీ ఇప్పించి, కళ్లజోడు సర్దుకుని, ఫోను అందుకుని పైకి చదివాడు. "మీ సిస్టం పాతది. కొత్తది వేసుకుని రండి."

"నిన్ననే కొత్తది వేశానండి," అన్నాను, నోరు ఊరుకోక.

"కొత్తదాన్నే పాతదంటోంది. రేపు మా రైతులకి ఏ తెగులుకి ఏ మందు చెబుతుందో ఏంటో! వద్దులెండి మాస్టారూ."

తిరుగు రైల్లో వేమూరు దాటాక మాస్టారు మెల్లగా "నంబరు దగ్గర ఏం గుర్తు పెట్టావురా?" అన్నారు.

"సమానం గుర్తు, మాస్టారూ."

"రెండు గానీ అంతకన్నా పెద్దది గానీ అని పెట్టాలి కదరా. ఆ పాఠం చెప్పింది నేనే."

రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నెలాఖరుకి తాళం వేశాం. ఆయన బాపట్ల వెళ్లి మళ్లీ ట్యూషన్లు మొదలుపెట్టారు. నేను సిగ్గుతో ఏళ్ల తరబడి ఆయనకి మొహం చూపించలేదు.

మొన్న ధైర్యం చేసి వెళ్లాను. మాస్టారు బీరువాలోంచి ఆ ఫోను తీసి, ఛార్జింగు పెట్టి, యాప్ తెరిచి నా చేతికిచ్చారు. వెనక కుంకుమ మరక ఇంకా ఉంది. తెర మీద అదే మాట, మీ సిస్టం పాతది.

"చూశావా? ఇన్నాళ్లకి నీ యాప్ నిజం చెబుతోందిరా," అని పకపకా నవ్వారు.

నేనూ నవ్వాను. ఈ నవ్వుకి భయపడి ఇన్నేళ్లు దాక్కున్న ఆ కుర్రవెధవని తలుచుకుంటే కోపం రాలేదు, జాలేసింది.