మర్యాద నేర్చుకోవడానికి అజైబా వెళ్లి వచ్చాం

ఫిబ్రవరి నెల రెండో గురువారం, పొద్దున ఐదూ పది నిమిషాలకు మా కంపెనీ బస్సు ఇబ్రా క్యాంపు గేటు దాటింది. బస్సులో ముప్పై ఒక్కరం. మస్కట్‌లో, అజైబాలో ఉన్న మా పెద్దాఫీసుకు పోతున్నాం. మనిషిని మనిషి ఎట్లా చూడాలో, ఎవరినీ చిన్నబుచ్చకుండా ఎట్లా మెలగాలో అక్కడ ఒక్క పూటలో నేర్పి, కాగితం చేతిలో పెట్టి పంపుతారట. నాకు అరవై రెండేళ్లు. ఇన్నేళ్లూ రాని మర్యాద మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చేస్తుందంటే అదేదో చూద్దామని బయల్దేరాను.

అసలు కారణం వేరే ఉంది. మా రూమ్‌లో ఎనిమిది మందిమి. వంట వంతుల మీద నడుస్తుంది. రోజుకొకరు వండాలి, అందరూ కలిసి తినాలి. ఆ ఎనిమిది మందిలో శేఖర్ ఒకడు. నిజామాబాద్ దిక్కువాడు, టైల్స్ మేస్త్రీ, ముప్పై ఏళ్లుంటాయి. నడక మెత్తన, మాట మెత్తన. పెళ్లి మాట ఎత్తితే నవ్వి ఊరుకుంటాడు. అతను చేసిన నేరం ఇంతే. మా రూమ్‌లోనే ఉండే స్కఫోల్డింగ్ మేస్త్రీ మల్లేశ్ అతనికి ఒక ఆడపేరు తగిలించాడు. నాలుగు నెలల కింద, "వాని చేతి కూడు మేం తినం" అంటూ ఫ్రిజ్ మీద అంటించిన వంతుల పట్టీలో శేఖర్ పేరు కొట్టేశాడు. ఆ రోజు నుంచి శేఖర్ బయట నీళ్ల ట్యాంకు పక్కన చిన్న పొయ్యి పెట్టుకుని ఒక్కడే వండుకుంటున్నాడు, ఒక్కడే తింటున్నాడు.

నాకు నలభై ఏడో ఏట అక్షరాలు వచ్చాయి. గుండ్రంగా రాస్తానని రూమ్‌లో పట్టీలన్నీ నాతోనే రాయిస్తారు. తర్వాతి నెల వంతుల పట్టీ రాసింది నేనే. ఏడు పేర్లే రాశాను.

అంతటితో ఆగలేదు. శేఖర్‌ను రూమ్ నుంచి తీసేయాలని ఐదుగురు సంతకాలు పెట్టి పెద్దాఫీసుకు కాగితం పంపారు. ఇబ్రా క్యాంపులో ఇంకెక్కడా మంచం ఖాళీ లేదు. రూమ్ పోతే ఎక్కడో దూరాన ఉన్న దుకుమ్ సైటుకు తోలేస్తారు, లేదంటే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతారు. ఆ గురువారం మర్యాద పాఠం అయ్యాక హెచ్‌ఆర్ మేనేజర్ హమద్ సాబ్ ఆ సంగతి తేలుస్తాడని కబురు. మర్యాద పాఠమూ, మనిషిని గెంటే పనీ ఒకే పూటలో పెట్టుకున్నారు. ఎంత తెలివో చూడండి.

బస్సులో శేఖర్ మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీ. వెనక ఇద్దరు నిలబడి ఊగుతున్నారు గానీ అందులో కూర్చోలేదు. నేను మోకాళ్ల నొప్పి వంకతో ముందు సీటు పట్టుకున్నాను. డ్రైవర్ గుల్ ఖాన్ పెషావర్ దిక్కు పఠాను. అద్దంలోంచి వెనక్కి చూసి, "చాచా, యే క్యా తమాషా హై? సీట్ ఖాలీ, ఆద్మీ ఖడా!" అన్నాడు.

"వాళ్లకు నిలబడటం ఇష్టం" అన్నాను. అబద్ధం చెప్పడానికి ఉర్దూ బాగానే వచ్చింది.

ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట. ఇబ్రా నుంచి రోడ్డు నున్నగా ఉంటుంది. రెండు పక్కలా కాల్చిన ఇటుక రంగు గుట్టలు, అక్కడక్కడ వాగు ఒడ్డున ఖర్జూరం తోటలు. బిద్‌బిద్ దగ్గర మలయాళీ చాయ్ దుకాణం ఉంది. ఆరున్నరకు అక్కడ ఆగాం. కరక్ చాయ్ నూరు బైసలు, గుడ్డు పరాఠా మూడు వందలు. చాయ్ బాగుంటుంది, పరాఠా నూనె ఓడుతుంది. ఖర్చు ఎవరిది వాళ్లదే. శేఖర్ గ్లాసు పట్టుకుని టైర్ల దుకాణం గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. పొమ్మని ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేకుండా చేశాం కదా.

ఏడూ యాభైకి అజైబా చేరాం. పెద్దాఫీసు అంతా అద్దాలే. ముందు తలుపు మీద అరబ్బీలో, ఇంగ్లీషులో, హిందీలో ఒక పెద్ద బోర్డు: ఇక్కడ అందరూ సమానమే. దాన్ని చదువుతుంటే సెక్యూరిటీ వచ్చి, "ఇటు కాదు, వెనక మెట్లు, వెనక మెట్లు" అని మమ్మల్ని భవనం చుట్టూ తిప్పాడు. మా బూట్లకు సిమెంటు ఉందట. ఆ నేల మీద రాళ్లు పరిచింది మా మేస్త్రీలే.

పాఠం చెప్పే నేహా మేడం ముంబై అమ్మాయి. ముందురోజు ఘుబ్రాలో ఒక బళ్లో పిల్లలకు ఇదే పాఠం చెప్పి వచ్చిందట. పిల్లలకు పంచగా మిగిలిన రంగు క్రేయాన్లు మాకూ పంచింది. మాకు తెలుగులో చెప్పడానికి టైమ్‌కీపర్ రమణ గారిని నిలబెట్టారు. ఆయనది కాకినాడ, ఇస్త్రీ చొక్కా మనిషి. మేడం ఇంగ్లీషు, హిందీ కలిపి పది నిమిషాలు మాట్లాడి ఆయన వైపు చూసింది.

"ఏం లేదయ్యా, కొట్టుకోకండి అంటున్నారు" అన్నారు రమణ గారు.

మరో పది నిమిషాలు మాట్లాడింది. "అదే, కలిసిమెలిసి ఉండాలి. ఇందాక చెప్పానుగా" అన్నారు. ఆ అమ్మాయి మూటగట్టి తెచ్చిన జ్ఞానమంతా ఆయన రెండు ముక్కల్లో దులిపేశారు.

తెర మీద బొమ్మలు మారుతున్నాయి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, కుర్చీ బండి మీద ఒకామె. తర్వాత యూదుల గురించి వచ్చింది. పుట్టుక చూసి, మతం చూసి వాళ్లను తిట్టడం, నిందలు మోపడం తప్పని మేడం చెప్పింది. రమణ గారు, "యూదుల్ని తిట్టకూడదంట" అన్నారు.

మల్లేశ్ లేచాడు. "సార్, ఈడ యూదులేడున్నరు తిట్టనీకి? ఒక్కణ్ణి సూపియ్యుండ్రి, ఎన్నటికీ తిట్టం!"

గదంతా నవ్వు. మా రూమ్ యేసోబు గోదావరి మనిషి, ఊరికే నోరు విప్పడు. ఆ రోజు విప్పాడు. "మొన్న కొట్టాయన ఉద్దెర ఇవ్వనంటే యూదోడని తిట్టింది నువ్వే కదా మల్లేశూ? మా యేసయ్య పుట్టింది యూదుల్లోనే. ఆయన్నీ కలిపి తిట్టేశావ్ పో."

"అరె, గది ఉత్త మాటరా!" అన్నాడు మల్లేశ్.

ఉత్త మాటే. ఒక్క యూదుణ్ణీ కంటితో చూడనివాడికి ఆ తిట్టు ఎక్కడ అంటుకుందో వాడికే తెలియదు. ఇక నుంచి తిట్టనని వాడు చెయ్యెత్తి ఒప్పుకున్నాడు. అందరం ఎత్తాం. కంటికి కనపడనివాణ్ణి గౌరవిస్తానని ఒప్పుకోవడానికి ఏం కష్టం? మేడం సంతోషపడి తన కాగితంలో టిక్కు పెట్టుకుంది.

ఆ తర్వాతి బొమ్మలో ఇద్దరు మగవాళ్లు చేతులు పట్టుకుని నిలబడ్డారు. కింద ఏదో రాసి ఉంది. నేను మొదటి అక్షరం కూడబలుక్కునేలోపు మేడం గబుక్కున దాటించేసింది.

చెయ్యెత్తి హిందీలోనే అడిగాను. "బేటీ, ఆ ఫోటో మళ్లీ చూపించు."

"అది ఈ క్లాసుకు కాదు, బాబా."

"మరి తెచ్చావెందుకు?"

ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "వేరే దేశాల కోసం చేసిన పాఠం ఇది. ఇక్కడి చట్టం వేరు. ఆ మాట ఎత్తొద్దని ఆఫీసువాళ్లు చెప్పారు."

"చట్టం సంగతి నేను అడగలేదు. పక్క మంచం మనిషికి ఆడపేరు పెట్టి, వాడు వండింది ముట్టనోళ్లకు ఏం చెప్తావ్?"

ఆమె రమణ గారి వైపు చూసింది. రమణ గారు గడియారం వైపు చూశారు. "అదేమైనా ఉంటే లంచ్ తర్వాత హమద్ సాబ్‌ను అడగండి" అంది మేడం. ఆ గదిలో నిజంగా జరుగుతున్న అన్యాయం ఒక్కటే ఉంది. సరిగ్గా దాన్నే దాటేసింది. మంచి గురువు.

తర్వాత కాగితం మీద అరచేయి పెట్టి రంగుతో గీయమన్నారు. ముప్పై ఒక్క మంది మేస్త్రీలు, కూలీలు పలక పట్టిన పిల్లల్లా గీశారు. ఆపైన ఒక ఆట. పక్కవాడి చెయ్యి పట్టుకుని అతనిలో ఒక మంచి గుణం చెప్పాలి. నా చెయ్యి మల్లేశ్ పట్టుకున్నాడు. "పోశయ్య కాకా మంచిగ రాస్తడు" అన్నాడు. నేను విడిపించుకోలేదు. కొందరు ముగ్గురేసి కూడా కలిశారు గానీ శేఖర్ దగ్గరికి మాత్రం ఎవరూ పోలేదు. చివరికి మేడమే పోయి అతని చెయ్యి పట్టుకుని, "వెరీ గుడ్!" అంది. దాన్ని ఫోటో తీశారు. ఆఫీసు గోడకు పెట్టుకుంటారు కాబోలు.

మా ఊళ్లో చాయ్ హోటల్లో నా కులానికి వేరే గ్లాసులుండేవి. తాగి, కడిగి, మేమే బోర్లించి రావాలి. ఇక్కడికొచ్చాక మల్లేశ్ లాంటివాడు నా పక్కన కూర్చుని, నా చేతి అన్నం తింటుంటే, ఆ రోజులు పోయాయనుకున్నాను. ఎక్కడికీ పోలేదు. ఆ గ్లాసు తెచ్చి శేఖర్ చేతిలో పెట్టాం. పట్టీ రాసి మరీ పెట్టాను నేను.

పన్నెండున్నరకు డబ్బాల్లో చికెన్ బిర్యానీ పెట్టారు. అన్నం చల్లగా, ముక్క గట్టిగా ఉంది. ఆఫీసువాళ్లు పై అంతస్తులో తిన్నారు. అందరూ సమానమే గానీ అంతస్తులు వేరు. తినడం అయ్యాక మా పేర్లు రాసిన కాగితాలు పంచారు. మల్లేశ్ తన కాగితానికి మూడు ఫోటోలు తీసుకున్నాడు.

ఒకటిన్నరకు హమద్ సాబ్ గదిలోకి మల్లేశ్‌ను, శేఖర్‌ను, రూమ్‌లో పెద్దవాణ్ణని నన్ను పిలిచారు. రమణ గారూ వచ్చారు. హమద్ సాబ్ ఒమానీ, నెరిసిన గడ్డం. హిందీ బాగా మాట్లాడతాడు. ఐదు సంతకాల కాగితం ముందు పెట్టుకుని మల్లేశ్‌ను అడిగాడు.

"దొంగతనం చేశాడా?"

"లేదు సాబ్."

"తాగి గొడవ? ఎవరి మీదైనా చెయ్యి వేశాడా?"

"లేదు సాబ్. రూమ్‌ల మాకు ఇబ్బంది."

"ఏం ఇబ్బంది?"

మల్లేశ్ చేతిలోని మర్యాద కాగితాన్ని చుట్ట చుట్టాడు. రూమ్‌లో రోజుకు పదిసార్లు అనే మాట అక్కడ ఒక్కసారి అనలేకపోయాడు. రమణ గారు అందుకున్నారు. "సార్, చిన్న గొడవ. దుకుమ్‌లో మంచం ఖాళీ ఉంది. శనివారం పంపేస్తే సరిపోతుంది." హమద్ సాబ్ పెన్ను తీశాడు. రాస్తే అయిపోయేదే.

"సాబ్, నన్ను అడగలేదు మీరు" అన్నాను. "ఇతని తప్పేం లేదు. వంట వంతులో పేరు కొట్టేసింది మేము. కొట్టేసిన పట్టీని శుభ్రంగా తిరగరాసింది నేను. ఎవరినైనా పంపాలంటే ఆ తప్పు చేసినవాళ్లను పంపండి."

"కాకా!" అన్నాడు మల్లేశ్ పళ్ల మధ్యనుంచి. "ముసలితనంల మతి పోయిందా?"

"లేటుగ వచ్చింది బిడ్డా. అక్షరాలు గూడ లేటుగనే వచ్చినయి."

హమద్ సాబ్ శేఖర్ వైపు తిరిగాడు. నాలుగు నెలల్లో అతన్ని నువ్వేమంటావని అడిగింది ఆ ఒమానీ ఒక్కడే. శేఖర్ నేల చూడలేదు. "నేను యాడికి పోను సాబ్. గా రూమ్‌లనే ఉంట. నా వంతు నాకియ్యమనుండ్రి" అన్నాడు. రమణ గారు దాన్ని మొదటిసారి మాటకు మాట హిందీలో చెప్పారు.

"నువ్వు వండితే ఎవరు తింటారు?"

"తినెటోడు తింటడు. లేకుంటే మిగుల్తది."

"నేను తింటాను" అన్నాను.

హమద్ సాబ్ పెన్ను మూత పెట్టాడు. ఈ కాగితాన్ని పక్కన పెడుతున్నానని, ఇంకో కాగితం వస్తే మాత్రం దుకుమ్ తప్పదని చెప్పాడు. మల్లేశ్‌ను ఒక్క మాటా అనలేదు. న్యాయం చేయలేదు, అన్యాయాన్ని వాయిదా వేశాడు. అయినా శనివారం గండం గడిచింది.

మూడింటికి తిరుగు బస్సు. ఈసారి నేను పోయి శేఖర్ పక్కన కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి పెట్టలేదు.

"ఇప్పుడెందుకొచ్చినవ్ కాకా?" అన్నాడు.

"ఆలస్యమైంది."

"అయింది" అని కిటికీలోకి చూశాడు. క్షమించానని అనలేదు. అనాల్సిన బాకీ అతనికేం లేదు.

బిద్‌బిద్ దగ్గర గుల్ ఖాన్ అసర్ నమాజుకు ఆపాడు. ఐదూ నలభైకి ఇబ్రా. అజైబా నుంచి నేను తెచ్చుకున్నది ఒక రంగు చెయ్యి గీసిన కాగితం, ఒక సర్టిఫికెట్. పోదలచినవాళ్లు పోండి, చాయ్ బాగుంటుంది. మర్యాద కోసమైతే నూట డెబ్భై కిలోమీటర్లు పోనక్కర్లేదు. రూమ్‌లో పళ్లెం పక్కన పళ్లెం పెడితే చాలు. అది మాత్రం ముంబై నుంచి ఎవరూ వచ్చి పెట్టరు.

ఆ సాయంత్రం శేఖర్ ఎవరినీ అడక్కుండా లోపలి పొయ్యి వెలిగించాడు. ఎనిమిది మందికి సరిపడా బియ్యం పోశాడు. కోడిగుడ్డు కూర, పచ్చిపులుసు చేశాడు. పులుసులో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆ మాట అతనితోనే అన్నాను.

రేపు ఎవరూ మాట మార్చకుండా, ఆ రోజు ఎవరెవరున్నారో రాసి పెడుతున్నాను. బస్సులో మిగతా ఇరవై ముగ్గురూ వేరే రూములవాళ్లు, వాళ్ల సంగతి వాళ్లు రాసుకోవాలి. బస్సు తోలింది గుల్ ఖాన్. పాఠం చెప్పింది నేహా మేడం. దాన్ని తెలుగులో తగ్గించింది రమణ గారు. పెన్ను మూత పెట్టింది హమద్ సాబ్. రూమ్‌లో వంట వాసన రాగానే లేచి హోటల్‌కు పోయింది మల్లేశ్, గంగారాం, సత్తయ్య, లక్ష్మణ్. పళ్లెం పట్టుకుని గడప దగ్గర నిలబడి, కూర్చోకుండానే రెండు ముద్దలు తిన్నది భూమయ్య. కూర్చుని తిన్నది యేసోబు, పోశయ్య అనే నేను. వండి, వడ్డించి, మా మధ్యలో కూర్చుని తిన్నది శేఖర్.