రెండు నల్ల తీగలు

మార్కాపురంలో సీరియల్ లైట్ల రసూల్ అంటే ఒకప్పుడు తెలియనివాళ్లు లేరు. పెళ్లి పందిరైనా, దర్గా ఉరుసైనా, అమ్మవారి తిరునాళ్లయినా అతని బల్బులు వెలగాల్సిందే. ఇప్పుడు పెళ్లిళ్లకు లైట్లు ఒంగోలు నుంచి లారీలో దిగుతున్నాయి. రసూల్ మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. అరవైకి దగ్గరపడ్డాడు, కోపం మాత్రం పాతికేళ్లవాడిది.

ఆ కోపానికి జంకని మనిషి ఇంట్లో ఒక్కతే, తమ్ముడి కూతురు సాదియా. తమ్ముడు జునైద్ పోయి పదకొండేళ్లు. అప్పటినుంచి మరదలు ఖాతూన్‌బీనీ, ఈ పిల్లనీ రసూలే చూసుకుంటున్నాడు. పాలిటెక్నిక్‌లో చదువుతున్న సాదియా విడిభాగాలు తెప్పించి సొంతంగా డ్రోన్ కట్టింది. దాని నాలుగు చేతుల కింద రంగురంగుల ఎల్‌ఈడీ పట్టీలు పెట్టుకుందామని పెదనాన్న వెంట పడింది. లైట్ల పని అనేసరికి రసూల్‌కు ప్రాణం లేచొచ్చింది.

ఆ లైట్లే పది రోజులుగా ఇద్దరినీ ఏడిపించాయి. మొదట డ్రోన్ బ్యాటరీ నుంచే కరెంటు ఇచ్చారు. బల్ల మీద బ్రహ్మాండంగా వెలిగాయి. పైకి లేపగానే మోటార్లు కరెంటంతా లాగేసుకున్నాయి, డ్రోన్‌ను నడిపే బోర్డు స్పృహ తప్పింది, డ్రోన్ మిద్దె మీద బోర్లాపడి రెక్క విరగ్గొట్టుకుంది. లైట్లకు వేరే చిన్న బ్యాటరీ పెడదామన్నాడు రసూల్. పెట్టారు. డ్రోన్ నిలకడగా ఎగిరింది గానీ లైట్లకు పిచ్చి పట్టింది. ఎర్రగా వెలగమంటే పచ్చగా వెలిగేవి, ఆరిపొమ్మంటే మిణుకుమిణుకుమనేవి. పట్టీ మార్చారు. టంకం మళ్లీ వేశారు. మీటరు పెట్టి చూస్తే వోల్టేజీ సరిగ్గానే ఉంది.

ఆ సాయంత్రం మిద్దె మీద సాదియా ఫోన్ పక్కన పడేసి లేచింది.

"దొరికింది బడే అబ్బా! బోర్డు చెప్పేది లైట్లకు అర్థం కావాలంటే రెండు బ్యాటరీల నల్ల తీగలు ఒకచోట కలవాలంట. మనం విడివిడిగా పెట్టినాం."

విడిగా పెట్టింది రసూలే. రెండు చోట్ల నుంచి వచ్చే కరెంటును ఒకచోట కలపకూడదన్నది అతని దుకాణంలో పదకొండేళ్ల కట్టుబాటు. అందుకే లైట్ల బ్యాటరీ నల్ల తీగ మిగులు కొసకు టేపు చుట్టి మరీ దూరంగా పెట్టాడు.

"కలపొద్దు," అన్నాడు.

"అయిదు వోల్టులు బడే అబ్బా. చీమకు గూడా షాక్ కొట్టదు."

ఆమె టేపు ఊడదీయబోయింది. రసూల్ ఆ చేతి మీద ఒక్కటి చరిచాడు. ఇన్నేళ్లలో ఆ పిల్ల మీద అతని చెయ్యి పడడం అదే మొదలు.

సాదియా కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అబ్బా మాదిరి చేస్తాననా నీ భయం? ఆయన చూసుకోకుండా తీగలు కలిపి షాక్ కొట్టి పోయినాడు. నేను ఏంది ఎందుకని తెలుసుకొనే కలుపుతాండా."

ఊరంతా చెప్పుకునే మాటే అది. జునైద్ తొందరమనిషి, తన చావు తానే తెచ్చుకున్నాడని. తండ్రి పేరెత్తినప్పుడల్లా ఆ పిల్ల కాస్త సిగ్గుపడడం చూస్తూ కూడా రసూల్ ఏనాడూ నోరు విప్పలేదు. ఇప్పుడు కూడా ఊరుకుంటే గండం గడుస్తుంది, పిల్ల తనను తండ్రిలాగానే చూసుకుంటుంది. కానీ తన తప్పును చచ్చినవాడి మీదికి ఇంకెన్నాళ్లు నెడతాడు? తన మీద తనకే అసహ్యం వేసింది.

"మీ అబ్బా కలపలేదు," అన్నాడు. "వెలిగండ్ల పెళ్లిలో కరెంటు పోయింది. వాడు స్తంభమెక్కి తీగలు సర్దుతాండాడు. పెళ్లోళ్లు కేకలేస్తాంటే, వాడు దిగినాడో లేదో చూడకుండా జనరేటర్ వైరు నేనే లైనుకు కలిపినా. అడిగినోళ్లకు వాడే కలిపినాడని చెప్పినా."

సాదియా కూర్చుని టేపు ఊడదీసింది. రెండు నల్ల తీగలూ మెలిపెట్టి టంకం వేసింది. డ్రోన్ లేచింది. నాలుగు చేతుల కిందా ఎర్రటి వెలుగు చెక్కుచెదరకుండా నిలిచింది. పది రోజులు దానికోసం పడిగాపులు కాసిన రసూల్ తలెత్తి చూడలేకపోయాడు.

బ్యాటరీ అయిపోవస్తుంటే ఆమె డ్రోన్‌ను దించింది.

"అమ్మకు తెలుసా?"

అబద్ధం చెప్పే ఓపిక అతనికి ఇంక లేదు. "తెలుసు. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజే చెప్పినా."

కింద వంటింట్లో నుంచి ఖాతూన్‌బీ ఇద్దరినీ టీకి పిలిచింది. సాదియా మెట్ల దాకా వెళ్లి ఆగింది. దిగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఖాతూన్‌బీ మళ్లీ పిలిచింది.