కాగితం అంటించని ముఖం

జహీరాబాద్ బస్టాండు ఎదుట చెన్నబసప్పది పటాలు కట్టే దుకాణం. కట్టడం కంటే దూరాలకు పంపడంలోనే అతనికి పేరు. అద్దం మీద మైదాపిండి బంకతో కాగితపు పట్టీలు అడ్డంగా, ఏటవాలుగా అంటించేవాడు. దారిలో అద్దం పగిలినా ముక్కలు ఊడి బొమ్మను గీరకుండా అవి పట్టి ఉంచేవి. ఆపైన చుట్టూ ఎండు చెరకాకు, మామిడిచెక్క పెట్టె. బొంబాయి లారీ ఎంత కుదిపినా లోపల పటం కదిలేది కాదు.

డెబ్బై ఆరులో కోహీర్ నుంచి అనంతమ్మ ఒక పటం తెచ్చింది. జ్వరంతో పోయిన ఆరేళ్ల కూతురు మాణెమ్మది. ఫోటో ఏనాడూ తీయించలేదు. తల్లి గుర్తులు చెబుతుంటే బడిపంతులు రంగులతో గీసిన బొమ్మ అది. బొంబాయి మిల్లులో ఉన్న తండ్రికి పిల్ల కడచూపు దక్కలేదు. ఆయనకు పంపాలి.

చెన్నబసప్ప కాగితపు పట్టీ చేతికి తీసుకోగానే ఆమె చేయి అడ్డం పెట్టింది.

“మొకం మీద అంటియ్యకన్నా. ఒక్కపారి బట్ట కప్పినం. మల్ల కప్పుతవా?”

అతను అంచులకు మాత్రం అంటించి పెట్టె కట్టాడు.

ఇరవై రోజులకు, తండ్రి తిప్పి పంపిన పెట్టెను అనంతమ్మ దుకాణానికి తెచ్చింది. పగిలిన అద్దం ముక్క ఒకటి జారి, పిల్ల రెండు కళ్లనూ గీసుకుంటూ పోయింది. గీసిన పంతులు అప్పటికే బదిలీ అయి ఎటో వెళ్లిపోయాడు. అనంతమ్మ తిట్టలేదు.

“సచ్చిననాడు గూడ గిట్ల లేకుండెనన్నా నా బిడ్డ” అని, పటాన్ని బల్ల మీదే విడిచి బస్సెక్కింది.

చెన్నబసప్ప దాన్ని గోడవైపు తిప్పి ఆనించాడు. లారీ పోయినప్పుడల్లా దుకాణంలో అద్దాలు సన్నగా వణికేవి. ఆ చప్పుడులో చిన్న వేళ్లు గోడను తడుముతున్నట్టు అతనికి వినబడేది.

“ఎలుకయ్యా” అనేది భార్య శరణమ్మ.

“ఎలుకయితే చెరకాకుల దూరాలె గద. గోడతోని దానికేం పని?”

ఎనభై మూడులో రాయికోడ్ రామ్‌కిషన్, చనిపోయిన భార్య బొమ్మను షోలాపూర్‌లోని కూతురికి పంపడానికి తెచ్చాడు. పట్టీ చూడగానే, “మొకం మీద వద్దు” అన్నాడు.

వెనక తడుములాట ఆగింది.

చెన్నబసప్ప మేకులు పీకి అద్దం బయటికి తీశాడు.

“అద్దం లేని పటమా? దుకాణంల అద్దాలు తక్కువ వడ్డయా?”

“అద్దం షోలాపూర్ల గూడ దొరుకుతది పటేలా. కండ్లు దొరకయి.”

నవ్వబోయిన రామ్‌కిషన్ అతని ముఖం చూసి, కూతురి చిరునామా రాసిచ్చాడు.

చెన్నబసప్ప పెట్టెను లోతుగా చేసి, బొమ్మకు నాలుగు వేళ్ల ఎత్తున మూత బిగించాడు. ముఖానికి గాలి తప్ప ఏదీ తగలదు. ఇంత చిన్న ఉపాయం ఏడేళ్ల కింద ఎందుకు తోచలేదో అతనికి అర్థం కాలేదు. చివరి మేకు రెండుసార్లు వంకరపోయింది.

పది రోజులకు షోలాపూర్ నుంచి కార్డు వచ్చింది. పటం క్షేమంగా అందిందట. చెన్నబసప్ప గోడ దగ్గర కూర్చుని మాణెమ్మ పటాన్ని తనవైపు తిప్పుకున్నాడు. కార్డు పిల్లకు చూపబోయి, గీతలు పడ్డ కళ్లు చూసి చేయి దించేశాడు. తర్వాత మెల్లగా, పైకి చదివి వినిపించాడు.