అత్తగారు ప్రయోగశాలకు వచ్చిన రోజు

మొన్న మోకాలి నొప్పికి ఎక్స్‌రే తీయించుకుందామని గుంటూరులో ఆసుపత్రికి వెళ్ళి, పసుపు రంగు మీద నల్లటి మూడు రేకుల రేడియేషన్ గుర్తున్న తలుపు ఎదుట కూర్చున్నాను. దాని కింద, గర్భిణులు ముందుగా చెప్పాలని రాసి ఉంది. మన ఈడువాళ్ళకు ఆ హెచ్చరికతో పనేముంది గానీ, పాత సంగతి గుర్తొచ్చి, నా పేరు పిలిచినా నేను వెంటనే లేవలేకపోయాను.

పెళ్ళయిన కొత్తలో నేను విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ ప్రయోగశాలలో పరిశోధన చేస్తుండేదాన్ని. మన సున్నపురాళ్ళలో, పత్తి, మిర్చి చేల మట్టిలో సహజంగా ఉండే రేడియోధార్మికత ఎంతో కొలవడం నా అంశం. దాచేపల్లి దాకా తిరిగి సంచుల్లో మట్టి తెచ్చుకోవడం, దాన్ని ఎండబెట్టి, జల్లెడపట్టి, డబ్బాల్లో మూసి, సీసపు దిమ్మెల మధ్యనున్న పరికరంలో పెట్టి గంటల తరబడి కనిపెట్టుకుని కూర్చోవడం, అదే లోకంగా ఉండేది. పరికరాన్ని సరిచూసుకోవడానికి రేడియోధార్మిక పదార్థం ఉన్న చిన్న బిళ్ళలు వాడేవాళ్ళం. ఒంటికి ఎంత తగిలిందో తెలిసేందుకు కోటుకు ఫిల్మ్ బ్యాడ్జి పెట్టుకునేవాళ్ళం.

నెల తప్పిందని తెలిసిన రోజే, నా పరిశోధనకు దారి చూపుతున్న మాష్టారు ఇక ఆ బిళ్ళల జోలికి పోవద్దని, లెక్కలు మాత్రం చూసుకోమని చెప్పారు. అయినా మూడో నెల నిండకుండానే గర్భం నిలవలేదు. ఇది ఎవరి వల్లా కాదని డాక్టరమ్మ అంది, బ్యాడ్జిలోనూ ఏమీ తేలలేదు. కానీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు నేను చదివిన చదువంతా ఏ మూలకు పోయిందో! పలకరింపుకు వచ్చిన చర్చి ఆడవాళ్ళు ఆ మాయదారి మిషన్ల మాటే ఎత్తేవారు. అత్తగారు మాత్రం ఒక్క మాటా అనేవారు కాదు, ఆ మౌనమే నాకు తీర్పులా తోచేది. చదువు చాలించుకుంటానని మావారితో చెప్పేశాను.

ఒకనాడు పొద్దున్నే ఆవిడ ఆదివారాలు కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చి, "పద, మీ పెద్దసారును చూడాలి" అన్నారు. బతుకంతా కూలి పనుల్లో గడిపి, కాలేజీ గడప ఎరగని మనిషి. బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, గొడవకే వస్తున్నారనుకున్నాను.

మాష్టారు కుర్చీ వేసినా కూర్చోలేదు. "అయ్యా, మా పిల్ల కడుపు పోయింది ఈ మిషన్ల వల్లేనా? దాచకుండా చెప్పండి" అని నిలదీశారు.

మాష్టారు నొచ్చుకోలేదు. రేడియేషన్ కనిపెట్టే గైగర్ కౌంటర్ స్విచ్చి వేస్తే, దాని ముందు ఏమీ పెట్టకుండానే అది టక్కు టక్కుమంది. తరువాత ఏదో పొడి ఉన్న పొట్లం పెడితే ఆ చప్పుడు కాస్త జోరందుకుంది.

"ఏంటయ్యా అది?"

"పొటాష్ ఎరువమ్మా, మీరు మిర్చి చేలో చల్లేదే. ఇందులోనూ రేడియేషన్ కొంచెం ఉంటుంది, మట్టిలోనూ, మన ఒంట్లోనూ ఉంటుంది. మీ కోడలికి ఇక్కడ తగిలిందీ స్వల్పమే. దానికి కడుపు పోదు."

"చెంగులో పోసుకుని చేత్తోనే చల్లామండీ" అని, ఆవిడ ఆ పొట్లాన్ని వేలితో తాకి చూశారు. తరువాత గొంతు తగ్గించి, "మావోడికి ముందు నాకూ ఇద్దరు కడుపులోనే పోయారండీ. అప్పుడు ఏ మిషనూ లేదు. నా కాలే మంచిది కాదన్నారు" అన్నారు.

ఆ మాట మావారికి కూడా తెలియదు.

"అయితే ఈ పిల్ల తప్పేం లేదుగా? మీ నోటితో చెప్పండి. అడిగినోళ్ళకి నేను చెప్పుకుంటా."

"లేదమ్మా, ఎవరి తప్పూ లేదు" అన్నారు మాష్టారు, ఆ 'ఎవరి' అన్నచోట కాస్త నొక్కి. అప్పుడు కూర్చున్నారు అత్తగారు, చెంగుతో ముఖం కప్పుకుని.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు కోసం నిలబడి, "రేపట్నించి నీ పనికి నువ్వు పో" అని మాత్రం అన్నారు. ఆ ఆదివారం చర్చి బయట ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపించింది: "పొటాష్ బస్తాలో కూడా ఆ మిషన్లలో ఉండేదే ఉందంట! చేలోకి దిగడం మానతారా ఏంటి?"

నా పరిశోధన పూర్తయింది, ఆ తరువాత కూతురూ కలిగింది, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ ప్రయోగశాలలో ఇప్పుడు ఆడపిల్లలే ఎక్కువట, వాళ్ళ తప్పేమీ లేదని చెప్పించుకోవడానికి ఎవరూ బస్సెక్కి రావలసిన పని లేదట. మంచిదే. నేను మట్టి తెచ్చుకున్న చేలు కొన్ని ప్లాట్లయ్యాయి, అత్తగారూ వెళ్ళిపోయారు. కడుపులోనే పోయిన ఆ ఇద్దరి మాట ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే, చెప్పగలిగిన ఆ తరం మనిషి మా ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు.