పూజలో పెట్టిన తుపాకి

దసరా నాడు మా పక్కింటాయన రెండు గొట్టాల తుపాకిని ఆయుధపూజ పీట మీద పెట్టి, వీధి పిల్లలందరి చేతా దండం పెట్టించాడు. మా అమ్మాయి గొట్టానికి కుంకుమబొట్టు కూడా పెట్టింది. అందులో తూటా ఉందా లేదా అని అక్కడున్న పెద్దవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఇది తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

ఆ పెద్దవాళ్ళలో నేనూ ఉన్నాను. ప్రసాదం శనగలు నములుతున్నాను.

మెట్టుగూడలో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే పిట్టగోడ. కరివేపాకు, మజ్జిగ, కబుర్లు అన్నీ దాని మీదుగానే. ఆయన మిలిటరీలో చేసొచ్చి ఒక బ్యాంకులో కాపలా ఉద్యోగానికి కుదిరాడు. తుపాకి ఆయన సొంతం, లైసెన్సు ఉన్నదే. పొద్దున భుజాన తగిలించుకుని సైకిలెక్కేవాడు, సాయంత్రం తెచ్చి ఇంట్లో గోడకు తగిలించేవాడు. ఆ గోడ కిందే ఆయన కూతురూ మా పిల్లా కూర్చుని అచ్చనగాయలు ఆడుకునేవారు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. అలా చదువుకున్నవాడికి ఒక రోగం ఉంటుంది, తెలిసినదేదీ కడుపులో ఆగదు. పండగ వెళ్ళగానే తుపాకుల మీద దొరికిందల్లా చదివి, మా ఆవిడకి పాఠం మొదలెట్టాను. తుపాకి ఒకచోట ఉండాలి, తూటాలు ఇంకోచోట ఉండాలి, తాళం పడాలి. ఆవిడ బొడ్డున తాళాలగుత్తి దోపుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా వింది.

"నాకెందుకు చెప్తారు? వెళ్ళి ఆయన్నే అడగండి," అంది.

అడగడమే కదా కష్టం! మీ కుక్క కరుస్తుందా అని ఎవరినైనా అడగొచ్చు. పసుపూ కుంకుమా పెట్టి, పూలదండ వేసినదాన్ని పట్టుకుని, ఇది పేలుతుందా అని ఏ మొహంతో అడగను?

ఎదురింటి టీచరమ్మని కదిపాను. ఆవిడ కొడుకూ అక్కడే ఆడతాడు. "మేం చర్చికెళ్ళేవాళ్ళమండీ. పూజలో పెట్టినదాని గురించి మేమడిగితే బాగుండదు. మీరైతే మాటకారులు," అని నన్నే ముందుకు తోసింది. వెనకింటి రైల్వే ఆయన నవ్వాడు. "దేవుని ముంగట పెట్టినంక ఏమైతది సార్? గింత పరేషాన్ ఎందుకు?"

సరే, మాటకారి బయల్దేరాడు. టీ ఇచ్చారు. తాగి, నల్లా వచ్చిందా అని అడిగి వచ్చేశాను. ఇంకోసారి వెళ్ళి గోడకేసి చూస్తూ, "వానాకాలం తుప్పు పట్టదూ?" అన్నాను. ఆయన తుపాకి నూనె గురించి చెప్తూ చెప్తూ పొద్దు గూకించాడు. ఆ నూనె మీద ఈ వీధిలో నా అంత తెలిసినవాడు ఇప్పటికీ లేడు. తూటాల సంగతి మాత్రం తెలియలేదు.

ఒక సాయంత్రం మా పిల్ల అన్నానికి కూర్చుంటే దాని వేళ్ళు ఆ నూనె వాసన కొట్టాయి. "బాబాయి తుపాకి తుడుస్తుంటే నేనూ తుడిచాను నాన్నా," అంది. నేను బనీను మీదే గోడ దూకబోయి, లుంగీ చిక్కుకుని, మళ్ళీ మర్యాదగా గేటు చుట్టూ తిరిగి వెళ్ళాను. ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న ఉపన్యాసంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"తూటాలెక్కడ పెట్టావయ్యా? తాళం ఉందా లేదా? చెప్పకపోతే మా పిల్ల నీ గడప తొక్కదు!" అని వీధంతా వినబడేలా అరిచాను.

ఆయన చేతిలో నూనెగుడ్డ పక్కన పెట్టి లేచాడు. కోపం లేదు. పిట్టగోడ అవతల నిలబడ్డ మా ఆవిడ వైపు ఒకసారి చూసి, నాతో అన్నాడు:

"తుడిచింది ఖాళీ తుపాకే అన్నా. తూటాలు ఇనప్పెట్టెల ఉన్నయి, తాళం ఉంది. తాళంచెవే మా ఇంట్ల లేదు. మీ బిడ్డ మా ఇంటికి రావుడు షురూ అయిన్నాడే వదినమ్మ వచ్చి అడిగింది, చెవి తీస్కపోయి తన గుత్తికి ఏస్కున్నది. పొద్దుగాల డ్యూటీకి పోయేటప్పుడు పిట్టగోడ మీదినుంచే ఇస్తది, రాంగనే తీస్కుంటది. అన్నకు సుత చెప్త అంటే, 'వద్దు తమ్ముడూ, ఆయనకు తెలిస్తే వాడకట్టంత ఉపన్యాసం ఇస్తడు' అన్నది."